ఎడమ వరుస ఎలుకలకు పెరుగన్నం

కాలేయంలో కాన్సరు పుట్టకుండా ఆపే మందును బెజవాడ గవర్నర్‌పేటలో, ఒక డాక్టరుగారి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో, పందొమ్మిదివందల నలభైల్లోనే కనిపెట్టారు. కనిపెట్టినవాణ్ణి నేను. నా చదువు ఎస్సెస్సెల్సీ, అదీ రెండోసారికి గట్టెక్కింది. ఈ మాట చాలా పెళ్ళిళ్ళలో చెప్పాను, నా రిటైర్మెంటు సభలో చెప్పాను, ఒకసారి గుంటూరు వెళ్ళే బస్సులోనూ చెప్పాను. బస్సులో ఒకాయన లేచి నాకు సీటిచ్చాడు కూడా.

ఇప్పుడు లాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు వచ్చి, ఆ సంగతేదో రాసిపెట్టండి మాస్టారూ అన్నారు. నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద అనలేకపోతున్నాను. అందుకని ముందే చెబుతున్నాను. ఆ మందు ఏమిటో తెలిశాక మీరు నవ్వుతారు. కనిపెట్టడం అన్న మాట కూడా నేను సాగదీసిందే. ఎంత సాగదీశానో వరసలో చెబుతాను.

యుద్ధం ముగిసింది గాని రేషను ముగియని రోజులవి. మా డాక్టరుగారు మద్రాసులో పాథాలజీ చదివారు. అంటే జబ్బుపడ్డ అవయవంలోంచి ముక్క తీసి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పే విద్య. చల్లపల్లి వైపు వ్యవసాయదారుల కుటుంబం ఆయనది. గవర్నర్‌పేటలో పది మంచాల ఆసుపత్రి, దాని వెనక లాబు. నా పని ఆయన చూసే స్లైడ్లు తయారు చెయ్యడం. ముక్కను మందునీళ్ళలో గట్టిపరచి, కరిగిన మైనంలో నిలిపి, ఆ మైనం దిమ్మను ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజుపలక మీద పరిచి, నీలం, ఎరుపు రంగులు పట్టించాలి. ఎండాకాలం దిమ్మ మెత్తబడి కత్తికి అంటుకునేది కనక తెల్లవారుతూనే కోసేసేవాణ్ణి. ఇంతకు మించి ఆ పని గురించి మీకు చెప్పక్కర్లేదు. మీకిప్పుడు యంత్రాలున్నాయి.

మా ఆసుపత్రికి డెల్టా ఊళ్ళ నుంచి కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి వచ్చేవాళ్ళు చాలామంది. కొందరికి తాగుడు అలవాటుండేది, చాలామందికి అదీ లేదు. పోయినవాళ్ళ కాలేయం చూస్తే, నున్నగా ఉండవలసినది సీతాఫలం తొక్కలా బుడిపెలు బుడిపెలుగా ఉండేది. కొన్నిట్లో ఆ బుడిపెల మధ్యే కాన్సరు. ఏ బుడిపె కాన్సరవుతుంది, ఏది బుడిపెగానే ఉండిపోతుంది అన్నది డాక్టరుగారిని పట్టుకున్న ప్రశ్న. బతికున్న మనిషి కాలేయాన్ని నెలనెలా కోసి చూడలేం. ఎలుకనైతే చూడొచ్చు. వెన్నకు పసుపుపచ్చదనం తెప్పించడానికి వాడే రంగు ఒకటుంది. దాన్ని పాలిష్ బియ్యంలో కలిపి పెడితే ఎలుక కాలేయంలో ముందు బుడిపెలు, తరవాత కాన్సరు వస్తాయని పరాయి దేశాల్లో అప్పటికే తేల్చారు.

"ఎలుకకి నెలల్లో అయ్యేది మనిషికి ఏళ్ళు పడుతుందోయ్," అన్నారాయన. "మెట్లు ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే, ఏ మెట్టు దాకా వెనక్కి దిగొచ్చో కూడా చూడాలి."

మొదట్లో ఖర్చెందుకని రైసుమిల్లు ఎలుకల్ని పట్టించాం. మొదటిదాన్ని కొయ్యగానే కాలేయంలో శనగగింజంత తెల్లటి గడ్డ కనబడింది. నేను పరుగెత్తి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. రంగు పెట్టకుండానే కాన్సరొచ్చిన ఎలుకను పట్టానని నా సంబరం. ఆయన గడ్డను కత్తిమొనతో చీల్చారు. లోపల్నించి పొడుగాటి తెల్ల పురుగు బయటికి జారింది. బద్దెపురుగు పిల్ల. మిల్లు ఎలుకల్లో అది మామూలేనట.

"గడ్డ కనబడగానే కాన్సరనకు. ముందు లోపల ఎవరున్నారో చూడు," అన్నారు. ఆ పూట నేను భోజనం మానేశాను. నేను భోజనం మానెయ్యడం మీరు గుర్తుంచుకోదగ్గ విషయం, ఎందుకంటే ఈ కథలో అది ఒక్కసారే జరిగింది.

తరవాత మద్రాసు నుంచి రైల్లో తెల్ల ఎలుకలు వచ్చాయి. షెడ్డులో కుడివైపు ఒక వరుస బోనులు, ఎడమవైపు ఒక వరుస. రెండు వరుసలకూ పాలిష్ బియ్యపు అన్నంలో రంగు కలిపి పెట్టాం. కొన్ని నెలలయ్యాక ఎడమ వరుసకు రంగు ఆపేశాం. వట్టి తెల్లన్నం. కుడి వరుసకు రంగు సాగింది. రంగు ఆపితే బుడిపెలు వెనక్కి పోతాయా లేదా అన్నది ఎడమ వరుస చెప్పాలి.

బోనులు కడగడానికి ఒక ఆయా ఉండేది. నాకన్నా అయిదారేళ్ళు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. మాట పదును. డాక్టరుగారి ఎదుట తలెత్తేది కాదు గాని, నా ఎదుట దించింది కూడా లేదు.

ఇక నా మందు సంగతి. మనవాళ్ళ భోజనానికి ఒక చట్టముంది. పప్పు లేకపోవచ్చు, కూర లేకపోవచ్చు, ఆఖరి ముద్దలో పెరుగో మజ్జిగో పడకుండా విస్తరి ముందు నుంచి లేవకూడదు. పగవాడికైనా మజ్జిగ పొయ్యకుండా చెయ్యి కడుక్కోమనం. మా అత్తవారిది పటమట. అప్పట్లో అది పల్లెటూరు, వాళ్ళకు పాడిగేదె ఉండేది. ఊరంతా పాలకు కటకటలాడుతున్నా నా కారియరులో గడ్డపెరుగు తప్పేది కాదు. కుడివైపు రంగు పొడి ఎగురుతుంది, అక్కడ తినకూడదని డాక్టరుగారి ఆజ్ఞ. అందుకని ఎడమ వరుస పక్కన, దొడ్డితలుపు దగ్గర స్టూలేసుకుని తినేవాణ్ణి. పెరుగు గిన్నె మూత తియ్యగానే ఆ ఎలుకలన్నీ తీగల దగ్గరికొచ్చి, వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు రెండూ దగ్గరపెట్టి చూసేవి. నేను చూస్తూ తినగలిగే మనిషిని కాను.

బోనుకొక ముద్ద పెట్టాను. మర్నాడూ పెట్టాను. పప్పు ఉన్న రోజు పప్పు కలిపి పెట్టాను. ఆదివారాలు తప్ప రోజూ పెట్టాను. రంగు ఆపేశారు కదా, వీటి శిక్ష అయిపోయింది, జైలు నుంచి వచ్చినవాడికి ఒక ముద్ద పెట్టడం తప్పా అని నా తరఫు వాదన. అయితే డాక్టరుగారి చెప్పుల చప్పుడు వినబడితే గిన్నె మీద తువ్వాలు కప్పేవాణ్ణి. తప్పు కాదనుకున్నవాడు తువ్వాలెందుకు కప్పుతాడు?

అక్క వారంలోనే పట్టేసింది.

"తమ్ముడూ, ఎడమపక్క పెళ్ళివారు బాగా ఒళ్ళు చేశారే. ఏం పెడుతున్నావు?"

"డాక్టరుగారు రాసిన తిండే అక్కా."

"పులిసిన వాసన కూడా రాశారా ఆయన?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు గాని ఊరుకుంది. ఎలుకలకు పెరుగు పెడితే కొంప మునిగేదేముందని అప్పటికి ఇద్దరం అనుకున్నాం.

మునిగేదేమిటో కొన్నాళ్ళకు చల్లపల్లి దగ్గర నేతపల్లె నుంచి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, నూలుకు రంగు వేసే పని. మోచేతుల దాకా చర్మం నీలంగా ఉండేది. కుడి డొక్కలో బరువు, ఆకలి లేదు. చెయ్యి పెడితే కాలేయం గట్టిగా, గరుగ్గా తగులుతోంది. పొట్ట తెరిచి గోరంత ముక్క తీశారు. నేను కోశాను, రంగు పట్టించాను. డాక్టరుగారు ఆ స్లైడూ, కుడి వరుసలో మధ్య నెలల్లో చనిపోయిన ఎలుక స్లైడూ మార్చి మార్చి ఒక పూటంతా చూశారు.

కంటితో చూస్తే ఎలుక కాలేయానికీ మనిషి కాలేయానికీ పోలికే లేదు. ఎలుకది ఆకులు ఆకులుగా విడివిడిగా ఉంటుంది, దానికి పిత్తాశయం అసలే లేదు. మైక్రోస్కోపు కింద మాత్రం దాయాదుల్లా ఉన్నాయి. రెండిట్లోనూ పీచు కట్టిన గట్లు, గట్ల మధ్య బుడిపెలు, ఆ బుడిపెల్లో కొన్ని కణాలు మిగతావాటి కన్నా పెద్దగా, ముదురు నీలంగా. "కాన్సరు కాదు," అన్నారు డాక్టరుగారు, తల ఎత్తకుండానే. "దాని ముందు మెట్టు కావచ్చు. మనిషిలో ఇంతవరకే చెప్పగలను."

తన ముక్క తనకు చూపించమని ఆ రంగులాయన అడిగితే ఒకనాడు లాబుకు తీసుకొచ్చాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. జబ్బు గురించి అడుగుతాడనుకున్నాను.

"నీలం ఎవరు పట్టించారు బాబూ?"

"నేనే."

"జాడింపు చాల్లేదు. పంపు కింద పారేనీళ్ళలో ఇంకాసేపు ఉంచితే విచ్చుకుంటుంది. ఇది చెక్కలోంచి తీసే రంగేనా?"

అవునన్నాను. మర్నాడు పారేనీళ్ళలో ఎక్కువసేపు ఉంచి చూశాను. ఆయన చెప్పినట్టే నీలం విచ్చుకుంది. అప్పటి దాకా నా స్లైడ్లే జిల్లాలో మేలైనవని అందరికీ చెప్పుకుంటున్నాను.

ఆ వారంలోనే ఎడమ వరుసలో కొన్ని ఎలుకల్ని కోసి చూశాం. కాలేయాలు దాదాపు నున్నగా ఉన్నాయి. అక్కడక్కడా చిన్న బుడిపెలు, అంతే. కుడి వరుసలో గడ్డలు పెరిగి కాన్సరు దాకా వచ్చాయి. డాక్టరుగారి ముఖంలో సంతోషం నేను చూసింది ఆ ఒక్కసారే. "రంగు ఆపితే చాలు, దానంతటదే తగ్గుతోందోయ్," అన్నారు. నేను తల ఊపాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదని ఊపుతుండగానే తెలుసు.

రంగులాయన మంచం దగ్గరికి వెళ్ళి డాక్టరుగారు చెప్పారు. "నువ్వు రంగుపని మానెయ్యాలయ్యా. పూర్తిగా. రంగు బాన ముట్టుకోకూడదు. మానేస్తే తగ్గే అవకాశం ఉంది."

"నేనేం రంగు తిన్నానా అండి? చేతులకంటుకుంటుంది, అంతేగా."

"అన్నంతో కొంతైనా పోతుంది కదా."

"మానేసి ఏం చెయ్యనండి? మగ్గం గుంటలో కూర్చుందామంటే కళ్ళు ఆనవు. నా నీలం కోసం నాలుగూళ్ళవాళ్ళు నూలు తెస్తారు. ఇంకెవరి చేతికీ పట్టదండి అది."

"ప్రాణం ముఖ్యం కదయ్యా."

ఆయన చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. "సరేనండి. బాన మా బావమరిదికిచ్చేస్తాను," అన్నాడు. తిండేమిటని డాక్టరుగారు అడిగారు. రేషను బియ్యం, గంజి, ఊరగాయ అన్నాడు. డాక్టరుగారు రాసుకుని, ఫరవాలేదు, తేలిగ్గా అరిగే తిండే అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు ఊరెళ్ళడం. జాగ్రత్తలన్నీ ఉత్తరంగా రాసి చేతికివ్వడం అని ఏర్పాటు.

శుక్రవారం పొద్దున బోనులు కడుగుతూ అక్క అంది, "రంగు మానినందుకు తగ్గిందా ఎలుకలకి, పెరుగు తిన్నందుకు తగ్గిందా?"

"ఎవరికి తెలుసక్కా."

"డాక్టరుగారికి తెలియదు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పెద్దాయన చేతిలో పని మానుకుని ఇంటికెళ్ళి మళ్ళీ ఆ గంజే తాగుతాడు. మానవలసింది మానాడో లేదో తెలియదు, తినవలసింది మాత్రం తినడు. చెబుతావా లేదా?"

"ఉద్యోగం పోతుందక్కా."

"నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఆయనకింకో కాలేయం ఎక్కడ దొరుకుతుంది?"

అప్పుడు నేను లేచాను. చేతులు కడుక్కుని, చొక్కా సర్దుకుని, తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. తప్పు నాదేనండి, ఎడమ వరుసకు నెలల తరబడి పెరుగన్నం పెట్టాను, మీరు చూసింది రంగు ఆపిన ఫలితమో పెరుగు ఫలితమో చెప్పలేం, ఆ ఉత్తరం ఇవ్వకండి అన్నాను. గొంతు వణకలేదు.

తిడతారనుకున్నాను. ఆయన కలం మూత పెట్టారు, మళ్ళీ తీశారు. నోటుపుస్తకం ముందుకు లాక్కున్నారు.

"పెరుగా, మజ్జిగా?"

"పెరుగండి. గేదె పెరుగు."

"రోజూనా?"

"ఆదివారం తప్పండి."

"బోనుకెంత?"

"నిమ్మకాయంత ముద్దండి. పప్పున్న రోజు పప్పూ కలిపి."

"కుడి వరుసకి?"

"అస్సలు లేదండి."

అన్నీ రాసుకున్నారు. అప్పుడు ఉత్తరం నిలువునా చింపి, కొత్త కాగితం తీశారు. "నాలుగు నెలల పని నీళ్ళపాలయింది," అన్నారు నా వైపు చూడకుండా. అంతే. ఆ ఒక్క వాక్యాన్ని నేను రెండేళ్ళు మోశాను.

రంగులాయనకు బస్సెక్కే ముందు వేరే మాట చెప్పారు. బాన దగ్గర ఉండొచ్చు, చేతులు రుద్ది కడుక్కోకుండా కంచం ముందు కూర్చోకూడదు. దంపుడు బియ్యం, పప్పు, పాలు, పెరుగు, దొరికినంత. నెలకోసారి వచ్చి చూపించుకోవాలి. "ఎలుకలో జరిగింది నీలో జరుగుతుందని నేను చెప్పలేను. కాని దీనివల్ల చెడు జరగదు," అన్నారు.

"అయితే ఎలుకలు తిన్నదే నాకూ పెడతారన్నమాట," అన్నాడాయన. ఆసుపత్రిలో చేరాక ఆయన నవ్వడం అదే మొదలు.

తరవాత డాక్టరుగారు కుడి వరుసలోకి కొత్త ఎలుకల్ని తెప్పించి, వాటిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రంగుతోపాటు పెరుగూ పెట్టించారు. ఈసారి పుస్తకంలో రాసి, నా చేత సంతకం పెట్టించి. ఆ భాగంలో బుడిపెలు తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి. నాకు ఒళ్ళు పొంగింది. ఇకనేం, బిరుదొకటే తక్కువ. డాక్టరుగారు మద్రాసు వెళ్ళి, అక్కడి లైబ్రరీలో యుద్ధం వల్ల ఆలస్యంగా చేరిన పత్రికలు తిరగేసి వచ్చారు. పాలలోని పోషకాలు, ఈస్టు పెడితే ఆ రంగు ఎలుకల్ని అంతగా దెబ్బతియ్యదని మనకన్నా ముందే చాలామంది చూశారట. మరీ ముదిరాక ఏం పెట్టినా లాభం లేదని కూడా చూశారట. కాబట్టి నేను కనిపెట్టింది లేదు. పరాయి దేశంలో తెలిసిన సంగతిని గవర్నర్‌పేటలో తెలియకుండా పొరపాటున చేశాను. బస్సులో సీటిచ్చిన ఆయనకు ఇది చెప్పాల్సింది, అప్పటికే కూర్చున్నాను.

రంగులాయన చాలా ఏళ్ళు బాన దగ్గరే ఉన్నాడు. పెరుగు వల్లా, ఆయన కాలేయం మొండితనం వల్లా, మొదట్నుంచీ అది కాన్సరు దారి పట్టే బుడిపె కాకపోవడం వల్లా అన్నది ఏ స్లైడూ చెప్పలేదు. పిల్లలకు నేను చెప్పేదల్లా ఒకటి. ఎలుకనూ మనిషినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు రెండు స్లైడ్లు చూస్తే చాలదు. రెండు కంచాలూ చూడండి. ఎవరు పెట్టిందో కూడా అడగండి. అడిగాక, చెప్పినవాడు తప్పు ఒప్పుకునే ధైర్యమున్నవాడైతే మీ అదృష్టం.

ఇక్కడిదాకా రాసి, పటమటలో మనవరాలి దగ్గరుంటున్న అక్కకు చదివి వినిపించాను. ఆవిడకు చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. మిల్లు ఎలుక దగ్గర నవ్వింది. రంగులాయన దగ్గర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను లేచి చొక్కా సర్దుకున్న దగ్గర, "అది మళ్ళీ చదువు," అంది. చదివాను.

"ఎవరు వెళ్ళారు డాక్టరుగారి గదిలోకి?"

"నేనే కదక్కా."

"నేను వెళ్ళాను. పెరుగా మజ్జిగా అని నన్నడిగారు. నిమ్మకాయంత అని చెప్పింది నేను. ఆ మహానుభావుడి ముందు నేను నోరు విప్పడం అదే మొదలు, కాళ్ళు గడగడా వణికాయి. వణకలేదని రాశావే, వణికినవి నావి."

"నేనూ వద్దామనే అనుకున్నానక్కా..."

"నువ్వు మైనం పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చున్నావు. రమ్మంటే చలిజ్వరమన్నావు. రోహిణి కార్తెలో."